ఒషావాలో రోహిణి కార్తె
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెరటి కూరగాయల తోటను కొత్త పంటకాలానికి ఎలా సిద్ధం చేసుకోవాలో నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు మమ్మల్ని కోరారు. బయట చూస్తే కార్లు ఆపే చోట నల్లబడిన మంచు గుట్టలు ఇంకా కరగలేదు. అవి అలా వుండగా బెండకాయల సంగతి ఎత్తితే కొందరికి నవ్వు రావచ్చు. కాని ఈ వూళ్ళో తోటపనిలో సగం ఈ గుట్టలు వుండగానే జరగాలి. కరిగిన తరువాత మొదలుపెట్టినవారికి ఆగస్టు నెలాఖరుకు పూత కనిపిస్తుంది, కాయ కనిపించదు.

మేము అంటే ఒక్కరం కాదు, నాలుగిళ్ళ వాళ్ళం. రెండిళ్ళు టాంటన్ రోడ్డుకు ఉత్తరాన, ఒకటి వూరి నడుమ, ఒకటి దక్షిణాన సరస్సుకు దగ్గరగా. పారలు, నారు పళ్ళాలు, గింజలు, సలహాలు పంచుకుంటాము. సలహాలు కొంచెం ఎక్కువగానే పంచుకుంటాము. మాలో ఎవరూ వ్యవసాయ శాస్త్రం చదువుకోలేదు. మా తాతలు కృష్ణా, తూర్పు గోదావరి, కరీంనగర్ జిల్లాల్లో సేద్యం చేసినవారు. మా తండ్రులు ఉద్యోగాలకని సముద్రాలు దాటినవారు. మా పిల్లలు ఇక్కడే పుట్టినవారు. తాతల నోట విన్న మాటలకూ ఈ నేలకూ పొత్తు కుదర్చటమే మేము చేస్తున్న పని. కుదిరినంతవరకు మనవి చేస్తాము.

ముందుగా పంచాంగం సంగతి. కొత్త సంవత్సరం వచ్చింది గదా, ఈ వారమే గింజ వేద్దామనుకునేవారు కద్దు. ఒషావాలో ఉగాదిని పట్టుకుని విత్తితే కుదరదు. ఉగాది చాంద్రమానపు పండుగ. 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, 2026లో మార్చి 19న వచ్చింది. మూడు వారాల తేడా! నేల వెచ్చబడేది సూర్యుడి వల్ల. ఈ సంగతి మన రైతులకు బాగా తెలుసు. అందుకే పండుగలను తిథుల మీద నడుపుకున్నా, సేద్యాన్ని మాత్రం కార్తెల మీద నడుపుకున్నారు.

కార్తె అంటే ఏమిటో పిల్లల కోసం ఒక మాట. ఏడాది పొడుగునా సూర్యుడు ఇరవైఏడు నక్షత్రాలను దాటివెళతాడని మన లెక్క. ఒక్కొక్క నక్షత్రంలో పదమూడు, పధ్నాలుగు రోజులు వుంటాడు. ఆ రోజులకు ఆ నక్షత్రం పేరు పెట్టి కార్తె అంటారు. అశ్విని ఏప్రిల్ 14 ప్రాంతంలో మొదలవుతుంది, రోహిణి మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో. ఏటేటా ఇంచుమించు అవే తేదీలు. తెనాలిలోనూ అవే, ఒషావాలోనూ అవే. చేసే పనే వేరు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని అక్కడ సామెత. ఇక్కడ ఆ కార్తెలోనే వంగనారు మొదటిసారి ఆరుబయట నేలను చూస్తుంది. ఇందులో ఒక చమత్కారం వున్నది. విక్టోరియా డే సెలవు మే 25కు ముందు వచ్చే సోమవారం. ఆ లాంగ్ వీకెండ్ రాకుండా లేత మొక్కలు బయట నాటకూడదన్నది అంటారియోలో పాతకాలం నుంచీ వున్న మాట. ఆ సోమవారం వెళ్ళి వారం తిరిగేలోగా రోహిణి ప్రవేశిస్తుంది! ఇక్కడి రైతు, మన రైతు ఒకరినొకరు ఎన్నడూ చూడకుండానే ఒకే రోజు దగ్గర గుర్తు పెట్టుకున్నారు. ఒకరు ఎండకు భయపడి, ఒకరు చలికి భయపడి.

మా నాలుగిళ్ళలో ఇప్పుడు కార్తెల పట్టిక ఒకటి ఫ్రిజ్ తలుపు మీద అంటించి వుంటుంది. ఉత్తరాభాద్ర, రేవతి కార్తెల్లో, అంటే మార్చి 17 నుంచి ఏప్రిల్ 13 దాకా, ఇంట్లో నారు పోసుకోవటం. అశ్విని, భరణి కార్తెల్లో చలికి తట్టుకునే ఆకుకూరలు బయట చల్లుకోవటం. కృత్తికలో నారుకు ఎండ, గాలి అలవాటు చేయటం. రోహిణిలో నాట్లు. మృగశిరలో, అక్కడ తొలకరి కోసం ఆకాశం వంక చూసే రోజుల్లో, ఇక్కడ తీగలకు పందిరి ఎక్కే దారి చూపటం. సెప్టెంబరు నెలాఖరున హస్త ప్రవేశించిన దగ్గర్నుంచి ఫ్రాస్ట్ కోసం కాచుకోవటం. ఫ్రాస్ట్ అంటే తెల్లవారుజామున ఆకుల మీద పేరుకునే మంచు. స్నో వేరు, ఇది వేరు. స్నో కురవకుండానే ఒక్క రాత్రిలో బీరపందిరిని ఉడికించిన ఆకులా చేసి పోతుంది. మామూలుగా మే మధ్య వరకు దాని భయం వుంటుంది, అక్టోబరు మొదట్లో మళ్ళీ వస్తుంది. అంటే మనకు చేతిలో వున్నది సుమారు నాలుగున్నర నెలలు. సరస్సు దగ్గరున్న మా ఇంటికి శరదృతువులో కొన్ని రోజులు ఎక్కువ దొరుకుతాయి, నీటి వెచ్చదనం కాపాడుతుంది కనుక. ఉత్తరాన వున్న ఇళ్ళకు ఆ అదృష్టం లేదు. అదే సరస్సు వసంతంలో చల్లగాలి పంపి దక్షిణాదివారి బెండ మొక్కలను ముడుచుకుపోయేట్టు చేస్తుంది. కనుక ఎవరి లెక్క వారు చూసుకోవాలి.

ఇక నారు. మిరప, వంకాయలకు బయట నాటే రోజుకు ఎనిమిది, పది వారాల ముందుగా గింజ వేయాలి. అంటే మిరప ఇప్పటికే పడి వుండాలి. వేయనివారు ఈ రాత్రి ఇంటికి వెళ్ళి వేసినా నష్టం లేదు. టమేటాకు ఆరు వారాలు చాలు. తొందరపడి ఫిబ్రవరిలోనే టమేటా మొలకెత్తిస్తే మే నెలకు అది కిటికీ దాటి పీలగా సాగి, నడుము వంగిన మొక్క అవుతుంది. ఆనపకాయ (కొందరి మాటలో సొరకాయ), బీర, పొట్ల, కాకర, దోస గింజలకు మూడు నాలుగు వారాలే ఎక్కువ. వీటి వేళ్ళు కదిలిస్తే అలుగుతాయి. అందుచేత ఒక్కొక్క గింజ ఒక్కొక్క కాగితపు గిన్నెలో వేసి, గిన్నెతో సహా నేలలో పెట్టటం మంచిది. కాకర గింజ పెంకు గట్టిది. గోళ్ళ కత్తెరతో అంచున కొంచెం చిదిపి ఒక రాత్రి నానబెడితే త్వరగా మొలుస్తుంది.

మిరప గింజకు వెచ్చదనం కావాలి, ఇరవైఐదు నుంచి ముప్ఫై డిగ్రీలు. మార్చిలో మన ఇళ్ళలో అంత వేడి ఫ్రిజ్ పైనో, ఫర్నేసు గదిలోనో దొరుకుతుంది. మొలక తల ఎత్తేదాకా అక్కడ వుంచవచ్చు. తల ఎత్తిన మరుక్షణం దీపం కిందికి చేర్చాలి. మిరప మన సొంతమని మనం అనుకుంటాము గాని, దాని పుట్టిల్లు ఈ ఖండమే, మెక్సికో వైపు. పోర్చుగీసువారి ఓడల్లో మన తీరానికి వచ్చింది. గుంటూరు గింజ మళ్ళీ ఇటు రావటం ఒకరకంగా పుట్టింటికి రావటమే. అయితే పుట్టింటి వెచ్చదనం ఒషావాలో లేదు. అది మనం సమకూర్చాలి.

దీపం అన్నాము. దక్షిణపు కిటికీ ఒక్కటే చాలదు. మామూలు ట్యూబులైటు లేక ఎల్.ఇ.డి. దీపం మొక్కల తలలకు రెండు మూడు అంగుళాల ఎత్తున వేలాడదీసి, రోజుకు పద్నాలుగు పదహారు గంటలు వెలిగించాలి. మొక్క ఎదిగినకొద్దీ దీపాన్ని ఎత్తుతూ పోవాలి. మా ఇళ్ళలో ఇది పిల్లల పని. దీపం గొలుసు ఒక కొక్కెం పైకి జరపటం ఆదివారం ఉదయం దోసెలకు ముందు జరిగే కార్యక్రమం. నారును బయటికి అలవాటు చేసే పని మాత్రం పెద్దలే చూసుకోవాలి. మొదటి రోజు గంట సేపు నీడలో, రెండో రోజు రెండు గంటలు, అలా పది రోజులు. ఇంటి దీపం కింద పెరిగిన ఆకు ఒక్కసారిగా మే ఎండలో పడితే తెల్లగా కాలిపోతుంది.

ఇప్పుడు నేల. దీని గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఉత్తర ఒషావాలో మన కుటుంబాలు కొన్ని వుంటున్న ప్రాంతం ఒకప్పుడు విండ్‌ఫీల్డ్స్ గుర్రాల పెంపక క్షేత్రం. 1964లో కెంటకీ డెర్బీ గెలిచిన నార్తర్న్ డాన్సర్ అనే గుర్రం పుట్టింది అక్కడే. అంతటి గుర్రాలు మేసిన పచ్చిక నేల గదా, బంగారం పండుతుందని మేమూ ఆశపడ్డాము. అయితే కొత్త కాలనీ వేసేటప్పుడు మామూలుగా జరిగే పని ఏమంటే, ముందు పైమట్టి అంతా గీకి కుప్ప పోస్తారు. ఇళ్ళు లేచేదాకా బరువైన యంత్రాలు కింది బంకమట్టిని తొక్కుతాయి. ఆఖరున కొద్ది అంగుళాల పైమట్టి పరిచి, దాని మీద గడ్డి చాపలు చుట్ట విప్పి పరుస్తారు. కనుక మీ పెరట్లో ఒక అడుగు లోతున తవ్వి చూడండి. పార ఖంగుమంటే అది తొక్కిన బంకమట్టి అన్నమాట. అటువంటి చోట నేలను లోతుగా తిరగవేయటం కంటే, నేల మీదే చెక్కలతో ఎత్తైన మడి కట్టుకోవటం సుఖం. ఎత్తు మడి వసంతంలో త్వరగా ఆరుతుంది, త్వరగా వెచ్చబడుతుంది. మనకున్న నాలుగున్నర నెలల్లో ఒక వారం కలిసి వచ్చినా వచ్చినట్టే.

నేల పదునుకు వచ్చిందా లేదా తెలుసుకోవటానికి మన పాత పరీక్షే ఇక్కడా పనిచేస్తుంది. గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిసకండి. బొటనవేలితో తట్టండి. పొడిగా విడిపోతే పార పట్టవచ్చు. ముద్దగా నిలబడితే ఇంకో వారం ఆగాలి. మంచు కరిగిన వుత్సాహంలో తడి బంకమట్టిని తొక్కితే ఆ సంవత్సరమంతా ఇటుకల మీద వ్యవసాయం చేసినట్టే వుంటుంది. ఆగలేనివారు ఆ వారంలో కంచె పని చూసుకోవచ్చు. కుందేళ్ళు మన చిక్కుడు మొలకలను మనకంటే ముందు రుచి చూస్తాయి. రెండడుగుల ఎత్తు కోడివల చుట్టూ కట్టి, అడుగున కొన్ని అంగుళాలు మట్టిలో పూడ్చితే చాలావరకు ఆగుతాయి. గ్రౌండ్‌హాగ్ మాత్రం దేనికీ ఆగదు. దానికి మా దగ్గర మందు లేదు.

పందిరి గుంజలకు లోతైన గుంటలు తవ్వేవారు ముందుగా అంటారియో వన్ కాల్ వారికి తెలియజేయాలి. గ్యాసు గొట్టాలు, కరెంటు తీగలు ఎక్కడెక్కడ పోతున్నాయో ఉచితంగా గుర్తు పెట్టిపోతారు. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, చట్టం.

ఎరువు సంగతి. ఎనిమిదడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు మడి మీద రెండంగుళాల మందం కంపోస్టు పరచాలంటే సుమారు నూటయాభై లీటర్లు కావాలి, అంటే దుకాణంలో దొరికే ముప్ఫై లీటర్ల సంచులు ఐదు. గొర్రెల ఎరువు, పశువుల ఎరువు సంచుల్లో అమ్ముతారు. అది వాసన లేని పెద్దమనిషి ఎరువు. మన పెంటదిబ్బ బలం దానికి లేదు గాని పనిచేస్తుంది. పోయిన శరత్తులో రాలిన మేపుల్ ఆకులను దాచుకున్నవారు ధన్యులు. దాచుకోనివారు ఈ ఏడాది దాచుకోండి. లాన్‌మోవర్‌తో తొక్కించి సంచుల్లో నింపి ఒక మూల పెడితే, మరుసటి వసంతానికి అంతకంటే మంచిది డబ్బు పెట్టినా దొరకదు.

ఒక్క విషయంలో మన పెద్దల అలవాటు ఇక్కడ మానుకోక తప్పదు. పొయ్యిలో బూడిద తెచ్చి మొక్కల మొదట్లో చల్లటం. ఒషావా చుట్టుపక్కల నేలలు సున్నపురాతి పొడి కలిసిన నేలలు. వాటిలో క్షారగుణం ఇప్పటికే వున్నది. బూడిద వేస్తే అది ఇంకా పెరిగి, మొక్కకు ఇనుము అందక ఆకులు పాలిపోతాయి. పేనుకు బూడిద బదులు గొట్టంతో నీళ్ళు గట్టిగా కొట్టండి. మందుల విషయానికి వస్తే, 2009 నుంచి అంటారియోలో పెరటి తోటల్లో చాలా రకాల రసాయన మందులు వాడటం నిషేధం. ఊరినుంచి వచ్చేవారిచేత పురుగుమందు డబ్బాలు తెప్పించుకోవద్దని చేతులు జోడించి మనవి.

పెరట్లో గాని, పక్కవారి పెరట్లో గాని నల్ల వాల్‌నట్ చెట్టు వుంటే, దాని కింద టమేటా, వంగ నాటకండి. దాని వేళ్ళలో వూరే రసం వీటికి పడదు.

మనవాళ్ళు చాలామంది లాంగ్ వీకెండ్ అన్న మాటను మరీ గట్టిగా పట్టుకుని, కొత్తిమీర నుంచి కాకర దాకా అన్నీ ఒకేరోజు విత్తుతారు. అది అనవసరం. కొత్తిమీర, మెంతికూర, పాలకూర, చుక్కకూర, ముల్లంగి, బఠాణీ చలిని ఇష్టపడేవి. వీటిని అశ్విని కార్తెలోనే, నేల పదునుకు రాగానే చల్లుకోవచ్చు. చిన్న ఫ్రాస్ట్ వచ్చినా తట్టుకుంటాయి. కొత్తిమీరను మే నెలాఖరున చల్లితే జూన్ ఎండకూ పొడుగు పగళ్ళకూ వెంటనే కాడ వేసి పూతకు వస్తుంది. ఏప్రిల్‌లో చల్లితే ఆరేడు వారాలు కోసుకోవచ్చు. మళ్ళీ ఆగస్టులో ఇంకోసారి. ఈ ఒక్క మాట పాటించినా ఒషావా తోటలో నెలన్నర కలిసి వచ్చినట్టే. తోటకూరకు మాత్రం వెచ్చని నేల కావాలి. దాని దాయాది ఒకటి పిలవకుండానే ప్రతి పెరట్లో మొలుస్తుంది, ఇక్కడివారు కలుపు అని పీకి పారేస్తారు. లేతగా వున్నప్పుడు కోసి పప్పులో వేసే పెద్దవాళ్ళు మాకు తెలుసు.

ఇప్పుడు పొడుగు పగళ్ళ మాట వచ్చింది గనుక అసలు విషయానికి వస్తాము. ఏటా సెప్టెంబరులో మాకు ఎవరో ఒకరు ఫోను చేసి అడిగే ప్రశ్న ఇది: "ఊరినుంచి తెచ్చిన చిక్కుడు పందిరంతా అల్లుకుంది, ఏనుగంత తీగ అయింది, ఒక్క పూత లేదు, ఎరువు తక్కువైందా?" ఎరువు తక్కువ కాలేదు. రాత్రి తక్కువైంది. 

జూన్ 21న ఒషావాలో పగలు పదిహేను గంటల ఇరవై నిమిషాలు దాటుతుంది. విజయవాడలో ఆ రోజు పగలు పదమూడు గంటలు. కొన్ని మొక్కలు పూయాలా వద్దా అన్నది రాత్రి నిడివిని బట్టి తెలుసుకుంటాయి. సంక్రాంతి ప్రాంతంలో కాసే మన పందిరి చిక్కుడు అటువంటిది. రాత్రి పొడుగైతేనే దానికి పూతకాలం వచ్చినట్టు లెక్క. ఒషావాలో రాత్రి పన్నెండు గంటలకు చేరేసరికి సెప్టెంబరు నాలుగో వారం వస్తుంది. అప్పుడు మొగ్గ వేస్తుంది. మొగ్గ విచ్చేలోగా ఫ్రాస్ట్ వస్తుంది. ఈ సరస్సు ఉత్తరపు ఒడ్డున యూరపువారు రాకముందే వెండాట్ ప్రజల పూర్వీకులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి పండించుకున్నారు. వారి చిక్కుడు వేరే జాతి, ఈ పగళ్ళకు అలవాటుపడినది. మనకు మన చిక్కుడే కావాలంటే పగటి నిడివితో పని లేకుండా కాసే పొట్టి రకాలు వున్నాయి. గింజ కొనేటప్పుడే అడిగి తెచ్చుకోవాలి.

గోంగూర కూడా ఈ కోవలోదే. అయితే గోంగూరకు మనం తినేది ఆకు గనుక, దాని లోటు కంటికి కనబడదు. నిజానికి పొడుగు పగళ్ళు దానికి మేలే. పూత ధ్యాస లేకుండా ఆకు మీద ఆకు వేస్తూ పోతుంది. ఏప్రిల్ మధ్యలో ఇంట్లో మొలకెత్తించి రోహిణిలో నాటితే, జూలై నుంచి సెప్టెంబరు దాకా వారం వారం కోసుకోవచ్చు. పచ్చడికి పచ్చడి, పప్పుకు పప్పు, పక్కింటివారికి ఒక కట్ట. మా పక్కింటి జమైకావారికి ఇది కొత్త మొక్క కాదు. పువ్వు కింద వుండే ఎర్రని తొడుగును ఎండబెట్టి, సోరెల్ అని క్రిస్మస్‌కు పానకం కాచుకుంటారు. బర్మావారు దీని ఆకునే చిన్‌బాంగ్ అని కూర వండుకుంటారు. ఇన్ని దేశాలవారికి తెలిసిన మొక్క ఒషావా పెరట్లో ఒక్కటే చేయదు. గింజ కట్టదు. కొమ్మ మీద మొగ్గ కనబడే వేళకు ఫ్రాస్ట్ వచ్చి కూర్చుంటుంది. అంటే ప్రతి ఏడాదీ మన గోంగూర అక్టోబరులో అంతమైపోతున్నది. మరుసటి ఏడాది మళ్ళీ ఎవరో ఒకరు ఆంధ్రదేశం నుంచి గింజ తేవాలి.

మా నాలుగిళ్ళకూ ఆ గింజ తెచ్చింది మాలో ఒకరి అత్తగారు. బాపట్ల దగ్గరి పల్లె ఆవిడది. రెండేళ్ళకొకసారి వచ్చేవారు. గింజల పొట్లం దాచిపెట్టి తేవటం ఆవిడకు గిట్టదు. విమానాశ్రయంలో కాగితం మీద రాసి, అధికారికి విప్పి చూపించి, అవసరమైతే అది ఏ కూరో తెలుగులో వివరించి మరీ తెచ్చేవారు. పిల్లలూ, ఇది మీకూ వర్తిస్తుంది. గింజలు, మొక్కలు తెచ్చేవారు కస్టమ్స్‌లో చెప్పి తీరాలి. ఏ గింజకు ఏ పత్రం కావాలో కెనేడియన్ ఫుడ్ ఇన్‌స్పెక్షన్ ఏజెన్సీ వారిని ప్రయాణానికి ముందే అడిగి తెలుసుకోవాలి. మట్టి అయితే చిటికెడు కూడా తేకూడదు, పుణ్యక్షేత్రం మట్టి అయినా సరే. 

ఆవిడ 2018లో కాలం చేశారు. 2019లో డబ్బాలో వున్న గింజలతో గడిచింది. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి విమానాలు ఆగిపోయాయి. ఆ వసంతంలో ఎవరూ రాలేదు, ఎవరూ పోలేదు. డబ్బా బోర్లిస్తే పదిహేడు గింజలు రాలాయి. పాత గింజలు. తడిగుడ్డలో కడితే ఆరు మొలిచాయి. కొట్లో గోంగూర పచ్చడి సీసాలు బోలెడు వున్నాయి గదా, ఇంత విచారమెందుకు అని మాలోనే ఒకరన్నారు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ అన్నవారే సాయంత్రం నారుకు నీళ్ళు పోశారు.

ఆ ఆరింటిలో నాలుగు నేలలో నాటి తిన్నాము. రెండింటిని పెద్ద కుండీల్లో పెట్టి గింజ కోసం కేటాయించాము. మొక్కకు రాత్రి చాలకపోతే రాత్రిని మనమే కల్పించవచ్చు గదా అన్నది ఆలోచన. జూలై నెలాఖరు నుంచి ప్రతి సాయంత్రం ఆరు గంటలకు ఆ కుండీల మీద ఫ్రిజ్ వచ్చిన పెద్ద అట్టపెట్టె బోర్లించి, సందుల్లో నల్ల ప్లాస్టిక్ చుట్టి, మర్నాడు ఉదయం ఎనిమిదికి తీసేవారు. పద్నాలుగు గంటల చీకటి. ఆ వేసవిలో బడి లేదు, ఆటస్థలాలకు పోవటం లేదు, పిల్లలకు వేరే పని లేదు. ఒక్క రోజు కూడా తప్పకుండా వంతులు వేసుకుని చేశారు. కొన్ని వారాలకు ఆకు చంకల్లో మొగ్గలు కనిపించాయి. పూసిన తరువాత పెట్టె మానేశాము. సెప్టెంబరులో చలి రాగానే కుండీలను ఇంట్లోకి తెచ్చి దక్షిణపు కిటికీ దగ్గర పెట్టాము. గోంగూర పువ్వు తనకు తానే ఫలదీకరణ చేసుకోగలదు గనుక తేనెటీగ కోసం కిటికీ తెరవనక్కర లేదు. డిసెంబరుకు తొమ్మిది కాయలు ఎండి పగిలాయి. కాయకు ఇరవై పైచిలుకు గింజలు.

పెట్టె బోర్లించే ఓపిక లేనివారికి ఇంకొక మార్గం వున్నది. ఆగస్టు చివర ఒక లేత కొమ్మ కోసి నీళ్ళలో వేరు పట్టించి, కుండీలో నాటి, చలికి ముందే ఇంట్లోకి చేర్చాలి. అక్టోబరు, నవంబరుల్లో రాత్రులు వాటంతటవే పొడుగు అవుతాయి, మొక్క పూస్తుంది. ఒక్కటే జాగ్రత్త. ఆ మొక్కను రాత్రిపూట దీపం వెలిగే గదిలో వుంచకూడదు. మనకు పొద్దుపోయినా అది పగలనుకుంటుంది. టీవీ వుండే హాలు అసలే పనికిరాదు. దీపం వేయని గది ఒకటి చూసుకోవాలి. మా ఒకరింట్లో అది అతిథుల గది. చుట్టాలు వస్తే మొక్క కోసం వారికి హాల్లో పడక వేస్తారు.

ఇలా ఇప్పటికి ఒషావాలో పుట్టిన గింజ తరతరాలుగా సాగుతున్నది. ఏటా ఒక ఇంటి మొక్క దెబ్బతిన్నా ఇంకో ఇంటి మొక్క నిలిచింది. నాలుగిళ్ళు చాలవు. ఒక శీతాకాలం రెండిళ్ళవారు ఒకేసారి ఊరికి వెళితే, మూడో ఇంట్లో ఫర్నేసు ఆగిపోతే, మళ్ళీ మొదటికి వస్తాము. అందుకే ఇవాళ పొట్లాలు కట్టి తెచ్చాము.

ఒక్కొక్క పొట్లంలో పది గింజలు. ఎనిమిది తినటానికి, రెండు కుండీలో పెట్టటానికి. పెరడు లేని అపార్టుమెంటు వాళ్ళకు కుండీ వాటా ఒక్కటే చాలు, బాల్కనీలో పెరుగుతుంది. ఏప్రిల్ మధ్యకు ముందు వేయవద్దు. గింజలను ఒక రాత్రి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టండి, అర అంగుళం లోతున వేయండి. కాయలు ఎండినప్పుడు కోయటానికి భయపడేవారు మాకు ఫోను చేయండి, ఎవరో ఒకరం వస్తాము. కాఫీ ఇస్తే చాలు.

పొట్లాలు ప్రసాదాల బల్ల పక్కన వున్నాయి. అక్కడే ఒక కాగితం పెట్టాము. మీ ఇంటిపేరు, ఫోను నంబరు, ఎర్రకాడ తీసుకున్నారా, తెల్లకాడ తీసుకున్నారా రాయండి. డిసెంబరులో ఎవరింట్లో ఏది నిలిచిందో తెలియాలి గదా. తెల్లకాడవి చాలానే వున్నాయి. ఎర్రకాడవి పన్నెండే.